చిల్లు లేని గ్లౌజు

ఆ రోజుల్లో, అంటే యుద్ధం వల్ల బజారులో సగం సామాన్లు దొరకని కాలంలో, నాకు రెండింటి మీద గట్టి నమ్మకం ఉండేది. ఒకటి దేవుడు, రెండోది రబ్బరు గ్లౌజు. నరసరావుపేట దగ్గర ఒక చిన్న మిషను ఆసుపత్రిలో కొత్తగా నర్సుగా చేరాను. ఆపరేషన్ కత్తులు, కత్తెరలు క్రిములు చావడానికి కార్బాలిక్ యాసిడ్ కలిపిన నీళ్లలో నానబెట్టి తీయడం నా పని. మిగతావాళ్లు పటకారుతో తీసేవారు. నేను మాత్రం డాక్టరమ్మగారు పక్కన పడేసిన పాత గ్లౌజులు తొడుక్కుని నేరుగా చేతులు ముంచేదాన్ని. అవి బాగున్నాయో లేదో చూడకుండా కాదు. వాటినిండా నీళ్లు పోసి ఎత్తి పట్టుకుంటే చుక్క కారేది కాదు. ఇంకేం, పొద్దున తొడిగితే భోజనాల వేళకే విప్పడం. (అవి వేసుకుంటే కాస్త డాక్టరులా కనిపిస్తానన్న ఆశ కూడా లేకపోలేదు.)

ఒక ఆదివారం ఇంటికి వెళ్లి, పొయ్యి మీద ఉడుకుతున్న పప్పుగిన్నెను ఉత్త చేతులతో దించాను. మా అమ్మ నోరు తెరిచింది.

"ఏమే, చెయ్యి కాలట్లా నీకు?"

కాలలేదు. అప్పుడు చూసుకున్నాను. వేళ్ల కొసలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. పెరట్లోకి పోయి పిన్నీసుతో పొడుచుకున్నాను. చురుక్కుమనలేదు. తెల్లమచ్చ, తిమ్మిరి, కాలినా తెలియకపోవడం. కుష్ఠు అని పైకి అనడానికి కూడా భయపడి, మా వైపు 'పెద్దరోగం' అనేవారు. ఆ రోగులకు రోజూ ధైర్యం చెప్పే నోరు నాదే. ఆ రోజు ఒక్క మాటా గుర్తు రాలేదు. కార్బాలిక్ తగిలినా చర్మం ఇలాగే తెల్లబడి మొద్దుబారుతుంది, దానివల్లేమోనని ఒక్క క్షణం అనిపించింది గాని, గ్లౌజుకు చిల్లు లేదు కదా!

పై ఆదివారమే నా ప్రధానం. పెళ్లికొడుకు నాదెండ్లలో బడిపంతులు. మిషను గుడిలో ఒక్కసారి చూశాను, నచ్చాడు. దేవుడి ఎదుట ఈ చేతిని ఆయన చేతిలో ఎలా పెట్టను? ఇంట్లోనే ఉండిపోయాను గాని రెండు రాత్రులు నిద్ర లేదు. చేతులు పైట కింద దాచుకుని, నా కంచం వేరే పెట్టుకుని, చివరికి అమ్మతో "నాకీ పెళ్లొద్దు" అన్నాను.

"ఎవడే వాడు?" అంది అమ్మ.

ఎవడూ లేడని ఎంత ఏడ్చినా నమ్మలేదు. అంత ఏడిస్తే తప్పకుండా ఎవడో ఉన్నాడంది. ఇక ఆగలేక, తెల్లవారగానే ఆసుపత్రికి పోయి డాక్టరమ్మగారి ముందు చేతులు చాపి, నన్ను ఎక్కడికి పంపించేస్తారో పంపించెయ్యమన్నాను. ఆవిడ నా వేళ్లు తిప్పి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని, నా గ్లౌజులు తెప్పించి ఒకటి లోపలివైపు బయటికి తిప్పింది. "వాసన చూడు" అంది. గుప్పుమంది కార్బాలిక్.

"చిల్లు లేదండీ" అన్నాను, ఇంకా వదలకుండా.

"నీళ్లు కారకపోతే చిల్లు లేదని అర్థం, అంతే. కార్బాలిక్‌కి చిల్లెందుకమ్మా? పలచటి రబ్బరులోకి మెల్లగా ఇంకి అటువైపు తేలుతుంది. నువ్వేమో పూటంతా విప్పకుండా చేతుల్ని అందులోనే ఊరబెట్టావు. రేపటినుంచి పటకారు పట్టు" అంది. నేను అక్కడే కూలబడి ఏడ్చాను. అంత హాయిగా మళ్లీ ఎప్పుడూ ఏడవలేదు.

ప్రధానం నాటికి స్పర్శ తిరిగి వచ్చింది గాని, వేళ్ల తోలు వెల్లుల్లి పొట్టులా లేచిపోయింది. ఉంగరం తొడుగుతూ ఆయన మెల్లగా అడిగారు: "ఏందిది? మీ ఆసుపత్రిలో గ్లౌజులియ్యరా?"

నవ్వాపుకోలేక చచ్చాను. అమ్మ మాత్రం దూరం నుంచి చూసి, ఆ 'వాడెవడో' ఈయనేనని తేల్చుకుని ఊరుకుంది. పెళ్లయ్యాక సంగతంతా చెప్పి, "నిజంగానే ఆ జబ్బయితే ఏం చేసేవారు?" అని అడిగాను. "పారిపోయేవాణ్ణి" అనేవారు, నా చెయ్యి వదలకుండా.

ఇప్పుడాయన లేరు. గిన్నెలు తోముకోవడానికి మనవరాలు గ్లౌజులు కొనిచ్చింది. విప్పిన ప్రతిసారీ వేళ్లు ముక్కు దగ్గరికి పోతాయి, సబ్బు వాసనే వస్తుంది. పెరట్లో పిన్నీసుతో వేళ్లు పొడుచుకుంటున్న ఆ పిల్ల ఎక్కడైనా కనబడితే బాగుండును. ఆ చెయ్యి పట్టుకుని, "ముందు వాసన చూడవే, పిచ్చిదానా" అని చెప్పేదాన్ని.