హీరో చనిపోకముందు

ఈ కివీల దేశం వచ్చి రోటోటూనాలో ఇల్లు కొనుక్కున్న కొత్తల్లో, అంటే 2010ల మధ్యలో, నాకు రాక్ అండ్ రోల్ పిచ్చి పట్టింది. అప్పటికే నలభై దాటాయి. మెట్లెక్కితే మోకాళ్లు గొణగడం మొదలుపెట్టాయి. అయినా పట్టింది.

ఇదంతా నేను పనిచేసే డెంటల్ క్లినిక్‌లో నా పక్కసీటావిడ పుణ్యం. అరవై దాటిన కివీ ఆవిడ. పగలంతా రిసెప్షన్‌లో కూర్చుని నెమ్మదిగా, మర్యాదగా ఫోన్లెత్తేది. మంగళవారం సాయంత్రం మాత్రం ఓ కమ్యూనిటీ హాల్లో డ్యాన్స్ టీచరమ్మ అయిపోయేది. ఒకసారి వచ్చి చూడమంటే వెళ్లాను. కుర్రకారు ఉంటారనుకున్నాను. అందరూ తాతలూ బామ్మలే. బామ్మలు గొడుగుల్లా విచ్చుకునే గౌన్లు వేసుకున్నారు. తాతలు జుట్టుకి నూనె పట్టించి వెనక్కి దువ్వారు. పొద్దున మా క్లినిక్‌లో కుర్చీలోంచి లేవడానికి నా చెయ్యి అడిగిన పెద్దమనిషి అక్కడ పెళ్లాన్ని బొంగరంలా తిప్పేస్తున్నాడు. నేను చున్నీ నడుముకి బిగించి ఆ వేళే చేరిపోయాను.

ప్రతి క్లాసూ ఒకే పాటతో ముగిసేది. అమెరికాలో రాక్ అండ్ రోల్ పుట్టిన కొత్తల్లో ఓ కుర్రాడు పాడిన పాట. ఊపిరి తీసుకుంటే టైం వేస్టన్నట్టు పాడతాడు, రెండు నిమిషాల్లో అయిపోతుంది. మొదటిసారి విన్నప్పుడు నేను అదిరిపడ్డాను. అది మా పాట. చిన్నప్పుడు మా నాన్న రేడియోలో పెట్టుకుని తల ఊపిన తెలుగు సినిమా పాట. వెంటనే టీచరమ్మ దగ్గరికి వెళ్లి, మీవాళ్లు మా ట్యూను ఎత్తేశారని కాస్త గట్టిగానే చెప్పాను. ఆవిడ నొచ్చుకోకుండా మీ సినిమా ఎప్పుడొచ్చిందని అడిగింది. ఇంటికొచ్చి విజయవాడలో ఉన్న అన్నయ్యకి ఫోన్ చేస్తే వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఎత్తింది మనవాళ్లేనట. నా మనసు ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేదు. మాదాంట్లో వీణ కూడా ఉంది.

క్లాసులో జతలు మారుస్తూ ఉంటారు. ఒక పాటకి ఆవుల ఫారం తాత, ఇంకో పాటకి రిటైరైన పోస్ట్‌మాన్. అందరూ మంచివాళ్లే, ఒక్కళ్లూ నా కాలు తొక్కలేదు. కానీ ఆ ఆఖరి పాట మొదలయ్యేసరికి నాకు మా ఆయన గుర్తొచ్చేవారు. ఆయనేమో బయట కార్లో కూర్చుని ఫోన్లో క్రికెట్ చూస్తుండేవారు. ఆ ఒక్క పాటకి ఆయనతో ఆడాలని నాకు మహా కోరికగా ఉండేది. ఎందుకంటే చెప్పలేను. తిరనాళ్లలో రంగులరాట్నం ముందు నిలబడి మారాం చేసే పిల్లకి ఎంత కావాలో నాకూ అంత కావాలి.

మా ఆయన సంగతి చెప్పాలి. బజారులో నాతో కలిసి నడవడానికే మొహమాటం ఆయనకి. ఎప్పుడూ రెండడుగులు ముందుంటారు. షాపింగ్ మాల్లో నేను ఏదైనా చూడమంటే అక్కడ ఉండరు, ఎస్కలేటర్ పైన ఉంటారు. అలాంటి మనిషిని డ్యాన్స్ చేయమంటే 'చూద్దాం' అన్నారు. మా ఇంట్లో చూద్దాం అంటే చెయ్యనని అర్థం.

ఆ డ్యాన్స్ క్లబ్బువాళ్లకి ఓ ఆచారం ఉంది. ఏడాదికోసారి, ఆదివారం మధ్యాహ్నం, ఆ గాయకుడి జీవితకథతో తీసిన సినిమాని ఆ కమ్యూనిటీ హాల్లోనే వేస్తారు. సినిమాలో ఆ పాట రాగానే లైట్లు వేసి, కుర్చీలు గోడకి జరిపి, జంటలన్నీ లేచి తెరమీద కుర్రాడితో పాటు ఆడతాయి. పాట అవగానే మళ్లీ కూర్చుని మిగతా సినిమా చూస్తారు. ఆ రోజు జతలు మారవు, ఎవరి మనిషితో వాళ్లే. నేను మా ఆయన్ని వదల్లేదు. చివరికి ఆయన్ని పడగొట్టింది నా బతిమాలుడు కాదు, పాట పొడవు. ఫోన్లో వెతికి చూసి, ఇంతేనా, మైక్రోవేవ్‌లో పప్పు వేడి చేసినంతసేపేగా అన్నారు. సరే, ఒక్కసారే అన్నారు.

అప్పట్నించి రోజూ సాయంత్రం గరాజ్‌లోంచి కారు బయటపెట్టి ప్రాక్టీసు. ఆయన సాఫ్ట్‌వేర్ టెస్టర్. అడుగు పడితే ఎందుకు పడింది, పడకపోతే ఎందుకు పడలేదు అని ఆగి ఆలోచించేవారు. ఈలోగా పాట అయిపోయేది. మా అమ్మాయికి అప్పుడు పదమూడేళ్లు. పక్కింటివాళ్లు చూస్తారని గరాజ్ షట్టర్ దించేసి, తను లోపలికి పోయి తలుపేసుకునేది.

ఇది చాలదన్నట్టు నేను మన తెలుగు కుటుంబాలన్నింటినీ పిలిచాను. సినిమా ఎలా ఉంటుందని అడిగితే, పాటలున్నాయి, కుర్రాడు బావుంటాడు అని చెప్పాను. నాకూ అంతకుమించి తెలీదు. అందరూ పిల్లల్తో, పులిహోర గిన్నెల్తో దిగిపోయారు.

తెరమీద హీరో గిటారు పట్టుకుని తలుపు తోసుకుని వచ్చాడో లేదో, మా బ్యాచ్‌లోంచి ఓ అంకుల్ రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేశాడు. ఆంటీలు పేపరు నేప్‌కిన్లు చింపి తెరమీదికి చల్లారు. ముందు వరసల్లో తాతలూ బామ్మలూ వెనక్కి తిరిగి చూశారు. నేను కుర్చీలో కిందికి జారాను. కాసేపటికి హీరో ఇంకోసారి కనబడ్డాడు. ఈసారి ఆవుల ఫారం తాత నేప్‌కిన్ చింపాడు.

పాట రానే వచ్చింది. లైట్లు వెలిగాయి. మా ఆయన లేచి నిలబడ్డారు. మొదటి అడుగే తప్పు కాలు వేశారు. సరిచేసుకోబోయి పోస్ట్‌మాన్ దంపతులకి గుద్దుకున్నారు. వాళ్లకి సారీ చెప్పారు, వాళ్లు మాకు సారీ చెప్పారు, మళ్లీ ఈయన చెప్పారు. ఆఖరికి అడుగు కలిసింది. నన్నోసారి గిర్రున తిప్పారు కూడా. అంతలో పాట అయిపోయింది.

నాకు ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది. అందరూ కుర్చీలు లాక్కుంటున్నారు. ఒక్కసారే అన్నారు, ఆ ఒక్కసారీ అయిపోయింది. నేను తల వంచుకుని నా కుర్చీవైపు తిరిగాను. ఆయన మాత్రం కదల్లేదు. హాలు మధ్యలో అలాగే నిలబడి, తెరవైపు చూసి, జీవితంలో ఎన్నడూ గొంతెత్తని ఆ మనిషి గట్టిగా అరిచారు.

"వన్స్ మోర్!"

మన తెలుగు ఊళ్లలో సినిమాహాళ్ల సంగతి తెలిసినవాళ్లకి దాని అర్థం తెలుసు. పాట నచ్చితే జనం అలా అరుస్తారు, ఆపరేటర్ రీలు వెనక్కి తిప్పి మళ్లీ వేసేదాకా ఊరుకోరు. ఇక్కడ ఆపరేటరంటే లాప్‌టాప్ ముందు కూర్చున్న ఓ బక్కపలచని తాత. పాపం ఆయన ఇలాంటిది ఎరగడు. ఈలోగా మావాళ్లందరూ అందుకున్నారు, హాలు దద్దరిల్లింది. తాత టీచరమ్మ మొహం చూశాడు. ఆవిడ ఊఁ అన్నట్టు తల ఊపింది. పాట మళ్లీ మొదలైంది.

ఆ తర్వాత ఎన్నిసార్లు వేశారో లెక్క లేదు. రెండోసారికే బామ్మలు కూడా వన్స్ మోర్ అనడం నేర్చేసుకున్నారు. మా ఆంటీలు చీరకుచ్చిళ్లు దోపుకుని దిగారు. మా అమ్మాయి కూడా, నన్ను చూడకుండా, ఓ మూల నిలబడి కాళ్లు కదిపింది. మా ఆయన అడుగు గురించి ఆలోచించడం మానేశారు. నన్ను తిప్పుతూ నవ్వుతున్నారు. పెళ్లయినప్పట్నించి ఆ నవ్వు నేను చూడలేదు. సంతోషంతో నాకు కళ్లు తిరిగాయి, లేక తిప్పినందుకే తిరిగాయేమో. ఐదింటికి ఆ హాల్లో ఇండోర్ బౌల్స్ అని నేలమీద బంతులు దొర్లించే ఆట ఆడేవాళ్లు బంతులు పట్టుకుని గుమ్మంలో నిలబడేదాకా ఆపలేదు. మిగతా సినిమా ఎవరూ చూడలేదు.

బయట ఇంకా మంచి ఎండ ఉంది. కారు దగ్గర టీచరమ్మ నన్ను పట్టుకుంది. ఆవిడ మొహమంతా చెమటలు.

"ఏటా ఈ సినిమా చివర చూసి అందరం ముక్కు చీదుకుంటూ ఇంటికెళ్లేవాళ్లం. ఇన్నేళ్లలో ఇవాళ మొదటిసారి అతను బతికే ఉన్నాడు" అంది.

దార్లో మా ఆయన చాలాసేపు ఆ ట్యూను కూనిరాగం తీశారు. తర్వాత అడిగారు, "అవునూ, తర్వాత ఆ కుర్రాడేమయ్యాడు?"

"పోతాడట. ఆ పాట హిట్టయిన కొన్నాళ్లకే."

ఆయన కూనిరాగం ఆపేశారు. వెనక సీట్లో మా అమ్మాయి మమ్మల్నే చూస్తోంది. ఆయన ఎడమ చెయ్యి స్టీరింగ్ మీంచి తీసి నా చేతిమీద పెట్టారు. ఇక్కడ రౌండబౌట్లకి, అంటే చుట్టూ తిరిగి దాటాల్సిన కూడళ్లకి, కరువు లేదు. ప్రతి రౌండబౌట్ దగ్గరా స్టీరింగ్ తిప్పడానికి ఆ చెయ్యి తీశారు, దాటగానే మళ్లీ పెట్టారు.