లెక్కలో ఒక మనిషి ఎక్కువ

నేను పుట్టి పెరిగింది కేజీఎఫ్‌లో, బంగారు గనుల కార్మికుల ఇళ్ల లైన్లలో. మూతపడిన గనుల పక్కన పెరిగేవాళ్లకు దయ్యాల కథలు ఎవరూ పనిగట్టుకుని చెప్పక్కర్లేదు, బడికి పోయే దారిలోనే నాలుగు దొరుకుతాయి. నేను ఒక్కటీ నమ్మలేదు. చీకటి పడ్డాక, గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బల వైపు పోవడానికి భయపడేదాన్ని, కానీ అది కుక్కల వల్ల. ఇది కూడా ఎవరూ నమ్మాలని రాయడం లేదు. ఒక మనిషి ప్రాణం దీనితో ముడిపడి ఉంది కాబట్టి, ఆ రోజు డైరీలో రాసుకున్నది పక్కన పెట్టుకుని జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

మాలూరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో, హెచ్ఆర్ ఆఫీసులో పని చేస్తాను. పొద్దున రైల్లో పోతాను, సాయంత్రం రైల్లో వస్తాను. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడను. రైల్లో చదివే పుస్తకానికి కూడా పేపరు అట్ట వేసుకుంటాను, ఏం పుస్తకమని ఎవరూ అడగకుండా.

పోయిన ఏడాది మా కంపెనీ పాత సాఫ్ట్‌వేర్ నుంచి కొత్తదానికి మారింది. ఉద్యోగుల పేర్లు, డిపార్టుమెంట్లు, ఎవరు ఎవరి కింద పని చేస్తారన్న వివరాలు అన్నీ పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి పోవాలి. అవి వాటంతట అవి పోవు. పాతదాంట్లోని ఈ విభాగం కొత్తదాంట్లో ఏది, ఈ పదవికి అక్కడ ఏ పేరు అని ఒక్కొక్కటి జత కలిపి పెట్టాలి. ఆ పని నాకిచ్చారు. మూడు వారాలు పట్టింది.

కాంట్రాక్టు కూలీలు పాత సాఫ్ట్‌వేర్‌లో లేరు. వాళ్ల పేర్లు గేటు దగ్గర వాచ్‌మన్ రాసే పుస్తకంలో మాత్రమే ఉంటాయి. కొత్తదాంట్లో వాళ్ల కోసం కూడా ఒక విభాగం ఉంది గానీ, మనకు అక్కర్లేదు మూసేయమన్నారు. దాన్ని మూసింది నేనే.

చివరి బదిలీ ఒక శుక్రవారం మధ్యాహ్నం. కొత్త సాఫ్ట్‌వేర్ తరఫున ప్రకాష్ గారని ఒకాయన, మదనపల్లి వైపు మనిషి, బెంగళూరులో కూర్చుని నా స్క్రీన్ చూస్తూ ఫోన్లో మాట్లాడుతున్నారు. భోజనాల వేళ దాటక ముందే ముగించేయాలని ఆయన తొందర.

బదిలీ అయిపోయాక రిపోర్టు వచ్చింది. పంపినవి 412. చేరినవి 413.

చేరినవాటిలో ఎక్కువగా ఉన్నది ఏదా అని వెతికాను. నేను మూసేసిన కాంట్రాక్టు విభాగంలో ఒకే ఒక వరుస ఉంది. పేరు లేదు. ఎవరి కింద అన్న గడి ఖాళీ. నంబరు మాత్రం ఉంది, 2417. మా ఉద్యోగుల నంబర్లన్నీ ఆరంకెలవి. నాలుగంకెల నంబరు ఇస్తే ఆ సాఫ్ట్‌వేర్ అసలు తీసుకోదు.

"టెస్టు రికార్డు ఏదో మిగిలిపోయుంటుంది లేమ్మా. తీసేసి ఓకే నొక్కు," అన్నారు ప్రకాష్ గారు.

నేను తీసేయలేదు. ఆ నంబరు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు.

మా తాత గనిలో టోకెన్ల బోర్డు చూసేవాడు. కిందికి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ల తీసుకుపోవాలి, పైకొచ్చాక బోర్డుకు తగిలించాలి. కొక్కెం ఖాళీగా ఉంటే మనిషి ఇంకా కిందే ఉన్నాడని. ఒకసారి తాత సెలవులో ఉన్నప్పుడు ఒక కొక్కెం ఖాళీగా మిగిలింది. బిళ్ల జేబులోనే పెట్టుకుని ఇంటికి పోయుంటాడులే అనుకుని షిఫ్టు ముగిసినట్టు రాసేశారు. ఆ మనిషి కిందే ఉన్నాడు. మూడో రోజు గానీ తీయలేదు. అప్పటికి ప్రాణం లేదు.

తాత ఆ కొక్కెం నంబరును ఇరవై నాలుగు, పదిహేడు అని రెండు ముక్కలుగా చెప్పేవాడు. "లెక్క తప్పిందనొద్దు పాపా. ముందు మనిషిని వెతుకు," అనేవాడు.

ఫోన్ పెట్టేసి, నంబరూ టైమూ డైరీలో రాసుకున్నాను. పన్నెండు యాభై. తర్వాత మా మేనేజరు మంజుళ మేడం దగ్గరికి పోయి, ఒకసారి సైరన్ వేసి అందరినీ లెక్కబెడదామని అడిగాను. నంబరు సంగతి చెప్పలేదు. లెక్కలో తేడా వచ్చిందని మాత్రం అన్నాను.

ఆమె టిఫిన్ డబ్బా మూత పట్టుకుని నన్ను చూశారు. "సంవత్సరంలో నాలుగు మాటలు మాట్లాడతావు. అందులో ఒకటి ఇదా?"

"ఒక్కసారి లెక్కబెడదాం మేడం," అన్నాను మళ్లీ.

"సరే, ఎట్లాగూ ఈ నెల డ్రిల్లు చేయలేదు. అన్నం ముందర నుంచి లేపినామని అందరూ తిట్టుకుంటారు. నువ్వు నా పక్కనే నిలబడు, సగం తిట్లు నీకు."

సైరన్ మోగింది. అందరూ చేతులు కడుక్కుని, కొందరు కడుక్కోకుండానే, గేటు దగ్గరి మైదానంలోకి వచ్చారు. ఆ షిఫ్టులో ఉండాల్సిన ఉద్యోగులందరూ ఉన్నారు. మేడం ఇంక పొమ్మని చెప్పబోతుంటే, గేటు పుస్తకం కూడా చూద్దామన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

పుస్తకంలో లోపలికి వచ్చిన కూలీలు పదకొండు మంది. నిలబడినవాళ్లు పది.

లేనిది గోవిందప్ప. బూదికోట ఆయన. పొద్దున ఆయనా నాగరాజూ భూమిలోపలి నీళ్ల తొట్టి కడగడానికి దిగారు. దిగేవాళ్లు చెప్పులు తొట్టి మూతి దగ్గర విడుస్తారు. అక్కడ చెప్పులు లేకపోతే లోపల ఎవరూ లేనట్టు. మా దగ్గర ఎప్పటి నుంచో అదే గుర్తు.

"అప్పుడే పైకొచ్చేసినాడు మేడం. బీడీకి పోయింటాడు," అన్నాడు నాగరాజు.

"నువ్వు చూసినావా?"

"చూళ్లేదు. నేను ముందే చెయ్యి కడుక్కోను పోయినా. వచ్చి చూస్తే చెప్పుల్లేవు గదా, అందుకే మూత ఏసేసినా."

చెప్పులు గోవిందప్ప కాళ్లకే ఉన్నాయి. అడుగున పాచి జారుతోందని ఆ రోజు విడవకుండా దిగాడు. మూత తీసి, లోపలికి గాలి కొట్టించి, నడుముకు తాడు కట్టుకున్న మనిషిని దించి ఆయన్ను పైకి తెచ్చేసరికి ఒంటిగంటన్నర దాటింది. లోపల గాలాడక స్పృహ తప్పింది, ఊపిరి మాత్రం ఉంది. రెండు గంటలకు తొట్టికి నీళ్లు వదలాలని బోర్డు మీద రాసి ఉంది.

కోలారు ఆసుపత్రిలో రెండు రోజులుండి ఇంటికి పోయాడు.

సోమవారం అదే ఫైలు, అవే జతలు పెట్టి మళ్లీ బదిలీ చేశాం. పంపినవి 412, చేరినవి 412. శుక్రవారం రిపోర్టు తెరిచి చూశాను. పైన మొత్తం దగ్గర 413 అని అట్లాగే ఉంది. కింద వరుసలు ఎన్నిసార్లు లెక్కబెట్టినా 412. కాంట్రాక్టు విభాగం మూసే ఉంది, ఖాళీగా ఉంది. చేత్తో ఎవరూ ఏమీ ఎక్కించలేదని అందులోనే నమోదై ఉంది. ప్రకాష్ గారు 413 తానూ చూశానన్నారు. ఆ నంబరు మాత్రం గుర్తు లేదన్నారు.

చిన్నప్పటి నుంచి విన్న నంబరు కదా, నేనే ఊహించుకున్నానేమో అని చాలాసార్లు అనుకున్నాను. కానీ ఊహించుకున్నానే అనుకున్నా, సరిగ్గా తొట్టిలో మనిషి ఉన్నప్పుడే ఎట్లా ఊహించుకున్నాను? కూలీలు ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ లేరు.

మా అవ్వకు ఏమీ చెప్పకుండా, తాత చెప్పే నంబరు ఎంత అని మాత్రం అడిగాను. అనపకాయలు ఒలుస్తూ, తలెత్తకుండా, "ఇరవై నాలుగు, పదిహేడు," అంది. తర్వాత, "ఇంగ అన్నం తిను, ఆరిపోతాది," అంది.

మూసిన ఆ విభాగాన్ని తెరవమని మంజుళ మేడం చెప్పారు. పదకొండు మంది పేర్లూ బదిలీ ఫైల్లో నేనే ఎక్కించాను. గోవిందప్ప పనిలోకి వచ్చిన రోజు ఆఫీసు వాకిట్లో నిలబడ్డాడు.

"నా పేరు కంప్యూటర్లో ఏసినావంట గదమ్మా. యాడుండాది?"

చూపించాను. ఆయనకు చదువు రాదు. నేను చూపించిన చోట వేలు పెట్టి, "ఇంగ లోపల నిద్దర పోయినా తెలిసిపోతాది," అని నవ్వుతూ పోయాడు.

ఆ సాయంత్రం మళ్లీ బదిలీ చేశాను. పంపినవి 423. చేరినవి 423. రైలు టైమైపోతున్నా ఆ రెండు అంకెల్నీ చూస్తూ కూర్చున్నాను. శుక్రవారం ఎక్కువగా వచ్చిన ఆ ఒక్కటి యాడ నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.