అదే గోడ, అదే పేజీ

కరోనా కాలంలో నాకు రోగం కంటే ఎక్కువ రోత పుట్టించింది నా తరగతి ఫోన్ గ్రూపు. సూరత్‌లోని ఒక తెలుగు మీడియం బడిలో రెండో తరగతికి పాఠాలు చెప్పేదాన్ని. పిల్లల తండ్రులు చాలామంది మరమగ్గాల మీద పనికి తెలంగాణ నుంచి వచ్చినవాళ్లు. బడి మూసేశాక పాఠం రికార్డు చేసి గ్రూపులో పెట్టమన్నారు. పెట్టేదాన్ని. తెల్లారేసరికి దాని మీద గులాబీ పూల శుభోదయాలు, కషాయం చిట్కాలు, ఎవరిదో పెళ్లి వీడియో వచ్చి పడేవి. నా పాఠం ఆ చెత్తకింద ఎక్కడో ఉండేది. ఆ ఫోన్ ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలనిపించేది, కరోనా భయంతో మాత్రం కాదు.

దానికి తోడు ఫోటోల తద్దినం ఒకటి. పిల్లలు పుస్తకం తెరుచుకుని కూర్చున్న ఫోటో రోజూ గ్రూపులో పడాలి. వాటిని నేను హెడ్మాస్టరుకు, ఆయన పై ఆఫీసుకు పంపాలి. పిల్లలకు ఏమైనా వస్తోందా అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

డిండోలి బస్తీలో ఉండే ఒక పిల్ల ఫోటో మాత్రం ఏ రోజూ తప్పేది కాదు. రెండు జడలు, మొహం నిండా పౌడరు, రోజుకో గౌను. బడి మూసే నాటికి అప్పుడప్పుడే చిన్న చిన్న మాటలు చదవడం పట్టుకుంది. ఆ దశలో వదిలేస్తే వచ్చిన నాలుగక్షరాలూ పోతాయి. అందుకే ఆ ఫోటో చూస్తే నాకు కాస్త ఊపిరాడేది. హెడ్మాస్టరు ఆ పిల్లకు 'ఆదర్శ విద్యార్థిని' అని పేరు పెట్టి ఫోటోను అన్ని గ్రూపులకూ తిప్పాడు. చప్పట్ల బొమ్మలే బొమ్మలు.

ఒకరోజు ఆ పిల్ల ఫోటోలన్నీ వరసగా చూశాను. గౌన్లు మారాయి, గోడ మారలేదు. పేజీ కూడా మారలేదు. అదే నెమలి పాఠం, దాని మీద అదే చోట వేలు.

మాస్కు కట్టుకుని వాళ్ల గదికి వెళ్లాను. తల్లి గడప దగ్గర కూర్చుని చీరలకు రాళ్లు అతికిస్తోంది. నన్ను చూసి సంబరపడింది.

"ఏంది మేడం, గిట్ల అచ్చిన్రు? ఫోటోలు మంచిగ అస్తలేవా?"

"రోజూ అదే పేజీ ఎందుకమ్మా?"

"గా నెమలి సాఫ్ కనవడ్తది మేడం. ఆయన మగ్గాల మీద పాలీ డ్యూటీకి పోతె ఫోను గూడ ఆయన తోటే పోతది. అందుకే సెలవు నాడే గౌన్లు మార్సి మార్సి అన్ని ఫోటోలు తీస్తం. రోజుకొకటి ఆయన కార్ఖాన కాడికెల్లి పంపుతడు. మా సేఠ్ గూడ చీరల ఫోటోలకు గట్లనే జేస్తడు. గోడ గదే, కట్టుకునే పిల్ల గదే, చీర మారుస్తడు. మాల్ అమ్ముడు పోతది."

"మరి నేను పెట్టిన పాఠాలు?"

"ఫోను ఇంట్ల ఉంటె గద మేడం! మీరు ఫోటోనే అడిగిన్రు గద?"

ఆమె మీద నాకు కోపం రాలేదు. మేం అడిగిన సరుకే ఆమె పంపింది. మెట్ల దగ్గరికి వచ్చి హెడ్మాస్టరుకు ఫోన్ చేశాను.

"ఫోటోలు వస్తున్నాయా లేదా మేడం? వస్తుంటే క్లాసు జరుగుతున్నట్టే. ఆదర్శ విద్యార్థిని అని పైకి పంపేశాం. ఇప్పుడు చదువు రాదంటే నా పరువేం కాను?"

పేరు గొప్ప, ఊరు దిబ్బ! ఫోన్ పెట్టేసి పైకే ఛీ అన్నాను. మూతికి మాస్కు లేకపోతే ఉమ్మేసేదాన్నే.

మళ్లీ వాళ్ల గదికి వెళ్లి, పుస్తకంలో పడవ బొమ్మ ఉన్న పేజీ తీసి, లోపల ఆడుకుంటున్న పిల్ల చేతికిచ్చాను. బొమ్మ కింద 'పడవ' అని ఉంది. బడి మూయకముందు కూడబలుక్కుని చదివిన మాటే.

"చదువు తల్లీ."

పిల్ల పరుగున వెళ్లి గోడ ముందు కూర్చుంది. జడలు ముందుకు వేసుకుని, ఆ మాట మీద వేలు పెట్టి, నా వైపు చూసి నవ్వింది.

"అదేంటో చదవమ్మా."

ఒక్కసారి పేజీలోకి చూసింది. అయోమయంగా మళ్లీ నా చేతిలోని ఫోన్ వైపు చూసింది.

"జల్ది తియ్యుండ్రి మేడం. ఇంకో గౌను మార్సుకోవాలె."