పెనుకొండను వెనక్కి జరిపిన సంగతి

మా అవ్వ కొత్త కోడలిగా ఉన్నప్పుడు చీరల మూట నెత్తిన పెట్టుకొని పల్లె నుంచి పెనుకొండ అంగడికి నడిచి పోయేదట. ఎంత దూరమని అడిగితే మైళ్లలో చెప్పదు, కాళ్లు చూపిస్తుంది. ఇంట్లో అందరం ఈ సంగతి వందసార్లు విన్నాం. విన్న ప్రతిసారీ దారిలో ఎండ కొంచెం పెరుగుతుంది.

ఈ ప్రాంతం కుర్రాళ్లు తీసిన చిన్న సినిమాలను హిందూపురంలో ఒక కల్యాణమండపంలో వేస్తారని తెలిసింది. ఆ నడకనే ఐదు నిమిషాల సినిమాగా తీస్తానని ధర్మవరంలో మా వీధంతా చాటుకున్నాను. ఫోనే కెమెరా, మా అక్కే ఆనాటి అవ్వ. అవ్వ ఒకటే షరతు పెట్టింది. చూసినోళ్లకు ఆ దూరం తెలియాలి, తెలియకపోతే తీయనే వద్దు.

మొదటి రోజు అక్కను దారిలో ముందుకు పంపి, నేను చాలా వెనక నిలబడి బాగా జూమ్ చేసి తీశాను. తెర నిండా పెనుకొండ కొండ, దాని కింద మూటతో అక్క. నాకే ఒళ్లు పులకరించింది. ఇంటికి రాగానే అవ్వకు చూపించాను.

"ఏమప్పా, కొండ చెయ్యి చాపితే అందేట్టు ఉండాది," అంది. "ఇంత దగ్గరైతే నేను కోడి కూయకముందే ఎందుకు లేసినట్టు?"

కళాఖండం ఆయుష్షు అక్కడితో తీరింది.

నాయన మగ్గం దగ్గర్నుంచి లేచి వచ్చాడు. ఫోన్‌ను గోడకు ఆనించి, గడప దాకా వెనక్కి నడిచి, కళ్లు సగం మూసి చూశాడు. మా నేతగాళ్లు కొత్త కొంగును అలాగే చూస్తారు. దగ్గర్నుంచి పోగులే కనిపిస్తాయి, బొమ్మ కనిపించాలంటే దూరం పోవాలి. అరచేయంత ఫోన్‌కు ఆ మర్యాద అక్కర్లేదని చెప్పబోయాను. ఆలోపే ఆయన తేల్చేశాడు.

"ముందరిదీ ఎనకదీ ఒకే ముదురు రంగులో నేసినావు. కొంగులో నెమలి ఎనక గోపురం కనపడాలంటే ఏం జేస్తాం? గోపురం చిన్నది జేస్తాం, రంగు తగ్గిస్తాం, నెమలి తోకను దాని మీద కొంచెం పడనిస్తాం. అప్పుడు గోపురం దానంతటదే ఎనక్కి పోతాది."

ఇదే పాఠాన్ని నేను నెట్‌లో మూడు వీడియోల్లో చూసి, నోట్సు కూడా రాసుకొని, కొండ కనిపించగానే మర్చిపోయాను. అది నేను పుట్టకముందు నుంచీ మా ఇంట్లో నేస్తూనే ఉన్నారు.

మళ్లీ వెళ్లాం. జూమ్ మానేశాను. పొద్దున్నే మంచు పొర ఉన్నప్పుడు, ఫోన్‌ను దాదాపు నేలకు ఆనించి పెట్టాను. ముందున్న రాళ్లు కుండలంత కనిపించాయి. ఒక ముళ్లకంప కొండ అంచుకు అడ్డం పడేలా చూసుకున్నాను. కరెంటు స్తంభాల వరుస దూరం పోతూ చిన్నదవడం భలే ఉందనుకున్నాను కానీ, అవ్వ కాలంలో ఆ దారికి కరెంటే లేదు. చింతచెట్ల వరుసకు మారాం. కొండ బొటనవేలి గోరంత అయింది, పాలిపోయి ఆకాశంలో సగం కలిసిపోయింది.

అక్క వచ్చి ఫోన్‌లో చూసుకుంది. "నాలుగోసారి మూట మోస్తాండా. నువ్వేమో కొండనే మాయం చేసినావు," అని మూట నా నెత్తిన పెట్టి వెళ్లిపోయింది.

హిందూపురంలో ఆ మధ్యాహ్నం అవ్వ, నాయన, అక్క ఒకే వరుసలో కూర్చున్నారు. ఆ ఒక్క షాట్‌ను నేను అర నిమిషం పైగా కోయకుండా వదిలాను. అక్క నడుస్తోంది. ముళ్లకంప దాటింది, ఒక్కో చింతచెట్టూ దాటింది, మనిషి కాస్తా చింతగింజంత అయింది. కొండ మాత్రం ఏమాత్రం పెరగలేదు. జనం కుర్చీల్లో కదలడం మొదలైంది. అవ్వ నడక హిందూపురానికి విసుగు పుట్టించిందంటే ఇక ఆమె ముఖం ఎలా చూడాలి?

వెనక వరుసలో ఒకాయన ఉండబట్టలేకపోయాడు. "ఏమబ్బా, ఆ కొండ ఇంగా రాదా?"

అవ్వ తాపీగా వెనక్కి తిరిగింది. "నాకూ అట్లనే రాలేదు. కూసో నాయనా."

ఆయన కూర్చున్నాడు. అవ్వ మళ్లీ తెర వైపు తిరిగి, నడుం నిటారుగా పెట్టుకుంది. హాల్లో దీపాలు ఆర్పి ఉండటం మంచిదైంది. నా పొగరు ఎవరికీ కనిపించలేదు.