ఆగవద్దన్న మస్తాన్‌బీ గారు

తెల్లవారుజామున వాకిట్లో కూర్చుని బూట్లు కట్టుకుంటుంటే రైసుమిల్లు వైపు నుంచి ఉడికిన ధాన్యం వాసన వస్తుంది. తాడేపల్లిగూడెంలో అందరికీ అలవాటైన వాసనే. నాకు మాత్రం మస్తాన్‌బీ గారు గుర్తొస్తారు. మా పక్కింట్లో జాకెట్లు కుట్టేవారు. అరవై దాటిన మనిషి, పసిపిల్లల్ని కూడా అండీ అనే పిలిచేవారు. నేను పిన్నిగారూ అనేదాన్ని.

ఎనిమిదేళ్ళ క్రితం నాకు షుగరు వచ్చింది. అదే జబ్బుతో మా అమ్మ కాలు పోగొట్టుకోవడం కళ్ళారా చూసినదాన్ని. డాక్టరు రిపోర్టు చేతికివ్వగానే ముందు నా పాదాలకేసి చూసుకున్నాను. గణపవరంలో టీచరు ఉద్యోగం, ఎనిమిదింటి బస్సు, ఇద్దరు పిల్లల క్యారేజీలు. పొద్దున్న అరగంట దొరకడమే గగనం. ఆ అరగంటలోనే రైసుమిల్లు పక్క కాలువ గట్టు మీద పరుగు మొదలుపెట్టాను.

మా ఊళ్ళో ఆడమనిషి పరిగెత్తిందంటే ఇంట్లో ఎవరికో ప్రాణం మీదికి వచ్చిందనే అనుకుంటారు. మొదటిరోజే పాలాయన సైకిలు ఆపి, "ఏవండీ, ఎవరికేమైందండీ?" అన్నాడు. ఇంకొకాయన బండి పక్కకు తీసి, "ఎక్కండమ్మా, ఆసుపత్రికా, స్టేషనుకా?" అని అడిగాడు. మర్యాదకు ఆగి అందరికీ జవాబు చెప్పేసరికి ఆ అరగంటా అయిపోయేది. వారం తిరక్కుండా మానేశాను. తీరిక లేదని ఇంట్లో చెప్పాను. అసలు సంగతి సిగ్గు.

జాకెట్టు ఇవ్వడానికి వచ్చిన మస్తాన్‌బీ గారికి మాత్రం నిజం చెప్పాను. నవ్వుతారనుకుంటే నవ్వలేదు.

"మీరు పరిగెట్టండి టీచరుగారూ. అడిగినోళ్ళకి నేను చెప్తానుగా."

మర్నాడు ఐదింటికల్లా గేటు దగ్గర నిలబడి ఉన్నారు. ముందు నా పరుగు, వెనక ఆవిడ నడక. ఎవరు బండి ఆపినా వెనకనుంచి ఆవిడ గొంతు వినపడేది. "ఏం లేదండీ, ఒంటికి మంచిదని పరిగెడుతున్నారు. మీరెళ్ళండి బాబూ." నేను ఆగబోతే నన్నూ వదిలేవారు కాదు. "మీరాగకండీ, అవతల బస్సుంది!" పరీక్ష పేపర్లు దిద్దీ దిద్దీ అలిసిపోయి ముసుగు తన్నిన రోజుల్లో, పెద్దావిడ గేటు దగ్గర నిలబడి ఉంటారన్న మొహమాటమే నన్ను లేపేది. పట్టుదల గురించి పిల్లలకు పాఠాలు చెబుతాను గానీ, నాకున్నది ఆ మొహమాటం ఒక్కటే.

రెండేళ్ళకు షుగరు అదుపులోకి వచ్చింది. అడిగేవాళ్ళు తగ్గిపోయినా ఆవిడ రావడం మానలేదు. ఆ తర్వాత ఒక వేసవిలో ఏలూరు ఆసుపత్రిలో ఆవిడకు మోకాలు ఆపరేషనని తెలిసి చూడబోయాను.

"మోకాళ్ళు అరిగిపోయాయి, నడక తగ్గించమని నిరుడే చెప్పారండీ డాక్టరుగారు. అమ్మ వింటేనా?" అంది కూతురు.

నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. "ఒక్క మాట చెప్పకూడదా పిన్నిగారూ?"

"చెప్తే మీరు మానేసేవారు కదండీ," అన్నారావిడ దుప్పటి సర్దుకుంటూ. "నావి ఎలాగూ అరిగిన కాళ్ళే. మీ పిల్లలింకా చిన్నోళ్ళు."

ఆవిడ పోయి మూడేళ్ళయింది. నాకు ఇప్పటికీ లేవబుద్ధి కాని రోజులే ఎక్కువ. ఇవాళ తీరిక లేదని నాకు నేనే చెప్పుకోబోతాను, నోరు రాదు. ఈ రెండు కాళ్ళూ నేనొక్కదాన్నే నిలబెట్టుకున్నవి కావు. లేచి వెళ్తాను.