పెద్ద వంపు బోర్డు

ట్రక్కుల ఫ్యాక్టరీవాళ్ళ టెల్కో కాలనీలో పుట్టిన సుకీర్తికి ఇరవై ఏళ్ళొచ్చేదాకా మంచు అంటే ఫ్రిజ్‌లో పేరుకునేదే. స్కేటింగు మాస్టారు ఒకసారి గుల్మార్గ్‌లో మంచు ఆటల శిబిరానికి పంపాక ఆమె మనసు అక్కడే ఉండిపోయింది. స్కూల్లో ఆటల టీచరుగా చేస్తూ, ఏటా చలికాలంలో సెలవు పెట్టి వెళ్ళి స్నోబోర్డు పందేల్లో దిగేది. రెండు కాళ్ళూ ఒకే పలకకు బిగించుకుని, జెండాల మధ్య మెలికలు తిరుగుతూ మంచుకొండ దిగాలి.

ఆ ఏడు, మోకాలు పాడై ఆట మానేసిన తోటి ఆటగాడు సౌరభ్ తన బోర్డు ఆమెకిచ్చాడు.

బోర్డు అంచులు నడుము దగ్గర లోపలికి వంగి ఉంటాయి. ఆ వంపునే సాగదీసి గీస్తే వలయం అవుతుంది. సుకీర్తి పాత బోర్డు వలయం చిన్నది. ఇట్టే మలుపు తిరిగేది, వేగం పెరిగితే వణికేది. సౌరభ్ బోర్డుది దానికి దాదాపు రెట్టింపు. వెడల్పుగా, నిబ్బరంగా దూసుకుపోతుంది.

తండ్రి జోజి ట్రక్కుల ఫ్యాక్టరీలో టెస్ట్ డ్రైవరు. ఆమె ఇంటికి తెచ్చిన బోర్డు అంచు వెంట వేలు రాసి చూశాడు.

"పొడుగు బండిలాంటిదే ఇది, అమ్మీ. ఇరుకు మలుపొత్తే నువ్వు తిప్పుదావన్నా తిరగదు. దాని దారినే పోతాది."

"పాపా, స్పీడ్ ఇసీసే ఆయేగీ," అంది సుకీర్తి తండ్రితో హిందీలో. వేగం దీంతోనే వస్తుందని ఆమె నమ్మకం.

సాధనలో జెండాలు దూరదూరంగా పాతారు. ఆమె అందరికంటే తక్కువ సమయంలో దిగింది. కానీ పందెం రోజు తెల్లవారేసరికి మంచు గాజులా గట్టిపడింది. ముందురోజు ఎండకు కింది వాలులో మంచు కరిగి దారి కురచవడంతో జెండాలు దగ్గరగా జరిపారు. పాత బోర్డు తీసుకోమని కోచ్ పద్మశ్రీ చెప్పింది. సౌరభ్ బరువైనవాడు కాబట్టి దాన్ని వంచగలిగాడనీ, నీవల్ల కాదనీ కూడా అంది. సుకీర్తి జెండాలు చూసింది. పద్మశ్రీ చెప్పింది నిజమేనని తెలుస్తూనే ఉంది. అయినా పెద్దదే బిగించుకుంది.

మొదటి జెండాలు బాగానే దాటింది. తర్వాత ఒక్కో జెండా దగ్గరా బోర్డు జానెడు దూరం ఆలస్యంగా తిరిగింది. ఆ జానెడు మూరైంది. నిటారు వాలు మొదలైంది. బోర్డును పక్కకు జార్చి వేగం తగ్గించుకుంటే బతికిపోయేది, పందెం మాత్రం పోయేది. ఆమె ఇంకా ఒరిగింది. బూటు మంచుకు తగిలింది. బోర్డు అంచు మంచు మీంచి లేచిపోయింది.

దారి పక్కన కట్టిన వలలో పడ్డాక కాసేపు ఏమీ నొప్పి లేదు. అదే ఆమెను భయపెట్టింది.

మోకాలి ఆపరేషనయ్యాక జోజి ముందే చెప్పానని ఒక్కసారీ అనలేదు. కాలు ఆనడానికే నెలలు పట్టింది. మరుసటేడు సుకీర్తి పాత బోర్డుతో మళ్ళీ వెళ్ళింది.

పందెం రోజు జోజి ఎక్కిన షిఫ్టు బస్సు కాలనీకొచ్చి ఆగింది. అందరూ దిగారు. అతను ఫోను చేతిలో పట్టుకుని సీట్లోనే ఉండిపోయాడు. డ్రైవరు పిలిచి పిలిచి టీ తాగడానికి వెళ్ళాడు. పొద్దు వాలుతుండగా ఫోను మోగింది. తొమ్మిదో స్థానం వచ్చిందనీ, మోకాలు కొంచెం వాచిందనీ, ఎల్లుండి ఇంకో పందెముందనీ సుకీర్తి చెప్పింది.