సైకీ గడ్డం మీది పుట్టుమచ్చ

ఫ్రాన్సులోని దియెప్ రేవులో ఏనుగుదంతం పనివాళ్లకు లోటు లేదు, మాటకారులకు అంతకన్నా లోటు లేదు. ఆ ఊళ్లో పుట్టి కూడా నోరు పెగలని మనిషి ఆంబ్రువాజ్ ఒక్కడే. నలభై దాటాయి. ఇంట్లో ముసలి తల్లి, కిటికీ పక్కన పనిబల్ల, అదే లోకం. అరచేతిలో ఇమిడే దంతపు పలకలు చెక్కుతాడు. గ్రీకు కథలోలా నిద్రపోతున్న రెక్కల మన్మథుణ్ణి ప్రియురాలు సైకీ దీపం ఎత్తి దొంగచాటుగా చూస్తూ ఉండే బొమ్మ ఆయన చేతిలో ప్రాణం పోసుకుంటుంది. సముద్రస్నానాలకు వచ్చే పారిస్ దొరసానులు వాటి కోసం ఎగబడతారు.

చెక్కడం మగవాళ్లది, మెరుగు పెట్టడం ఆడవాళ్లది. ఆంబ్రువాజ్ పలకలను సుద్దపొడి, తడిగుడ్డలతో రుద్ది మెరిపించేది వీధి చివరి జేలీ. చేపలవేటకు వెళ్లిన మొగుడు సముద్రంలోనే ఉండిపోయాక ఆ పనితోనే బతుకుతోంది. ఆమెను పెళ్లాడాలని ఆంబ్రువాజ్ మనసంతా కొట్టుకుపోతోంది. చెప్పడానికి మాత్రం నోరు రాదు. అందుకని ఉలితో చెప్పాడు. సైకీకి జేలీ మొహమే పెట్టి, జేలీ గడ్డానికి ఎడమవైపున్న పుట్టుమచ్చను ఆవగింజంత బొడిపెగా నిలబెట్టాడు.

పలక మెరిసిపోతూ తిరిగొచ్చింది. గడ్డం నున్నగా ఉంది, మచ్చ లేదు.

పొరపాటేమో అనుకుని తర్వాతి దాని మీద ఇంకాస్త పెద్దది పెట్టాడు. అదీ పోయింది. ఆ తర్వాతదీ అంతే. మర్యాదగా వద్దంటోందని అర్థం చేసుకున్నాడు పాపం. తిండి సయించలేదు.

"హెర్రింగు చేప నీకన్నా నయంరా, చచ్చే ముందైనా నోరు తెరుస్తుంది," అంది తల్లి, సూపు గిన్నె ముందుకు తోస్తూ. "వెళ్లి అడుగు. కాదంటే ఇంటికొచ్చి ఏడువు, నేనున్నాగా."

వెళ్లాడు. జేలీ గుమ్మంలో వెలుతురుకు కూర్చుని పలక రుద్దుతోంది.

"ఆ గడ్డం మీది బొడిపె... ప్రతిసారీ ఎందుకు తీసేస్తున్నారు?"

జేలీ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "అయ్యో, గట్టిగా అనకండి! మీకు చూపు మందగించిందని నాకెప్పుడో తెలుసు. ఉలి తగలని బొడిపెలు అలాగే వదిలేస్తున్నారు. మన పలకలు అమ్మే కొట్టు యజమాని కంటబడితే పని మానిపించేస్తాడు కదా, అందుకే నేనే రుద్ది రుద్ది పోగొడుతున్నా. వేళ్లు పుండ్లయ్యాయనుకోండి. ఎవరికీ చెప్పలేదు లెండి."

ఆంబ్రువాజ్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"అది మీ పుట్టుమచ్చ. ఆ మొహం కూడా మీదేనండీ."

జేలీ చెయ్యి తనకు తెలియకుండానే గడ్డం దగ్గరికి వెళ్లింది.

"మా ఆయన పోయిన కబురు వచ్చిన రోజున అద్దాన్ని గోడవైపు తిప్పేశానండీ," అంది. "మళ్లీ ఇటు తిప్పలేదు. నా మొహం నాకే గుర్తు లేదు."

"నాకుంది," అన్నాడు ఆంబ్రువాజ్. పుట్టి బుద్ధెరిగాక మాట అంత తొందరగా దొరకడం అదే మొదలు.

జేలీ కళ్లు తుడుచుకుని లేచింది. "లోపలికి రండి. అద్దం బరువు, నా ఒక్కదాని వల్ల కాదు. అడగదలుచుకున్నది కూడా అక్కడే అడుగుదురుగాని, వీధంతా చెవులప్పగించి వింటోంది."

ఇద్దరూ కలిసి అద్దాన్ని తిప్పారు. అందులో ఆమె మొహం పక్కన తన మొహం కనబడుతుండగా ఆంబ్రువాజ్ నత్తినత్తిగా అడిగాడు. జేలీ తనను తాను చూసుకుంటూనే ఊఁ అంది.